పదా, పదిహేనా, పాతికా? చిన్న బోటుకి ఏ సైజు ఇంజిన్ తీసుకోవాలి

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మన తూర్పు తీరంలో ఇంజిన్ బోట్లకి వేట నిషేధం. వలలు బాగుచేసుకోవడం, బోటుకి రంగు వేయించడం, ఇంజిన్ విప్పించి చూపించుకోవడం అన్నీ అప్పుడే. కొత్త ఇంజిన్ కొందామన్న ఆలోచన పుట్టేదీ అప్పుడే. పక్క బోటువాడు ఏం వేశాడో చూసి తొందరపడేదీ అప్పుడే.

మా మావయ్య విషయంలో అదే జరిగింది. ఆయనది 28 అడుగుల ఫైబర్ బోటు, దానికి పాత 9.9 హెచ్.పి. ఇంజిన్. మా ఊళ్లో దాన్ని 'పది' అనే పిలుస్తారు. ఓ నిషేధం సీజన్లో నన్ను పిలిచి, "ఏరా అల్లుడూ, పక్కోడు పాతిక వేశాడు. మనం పదితో ఎన్నాళ్లు ఈడుస్తాం?" అన్నాడు. నేనూ సరేనన్నాను. సెకండ్ హ్యాండ్‌లో 25 తెచ్చాం. ట్రయల్ రోజున ఖాళీ బోటు దూసుకుపోతుంటే ఒడ్డున అందరూ లేచి నిలబడి చూశారు.

అసలు సంగతి వేటకి వెళ్లాక తెలిసింది. వలలు, ఐసు ఎక్కి, ఐదుగురు కూర్చున్నాక బోటు ముక్కు పైకి లేచింది, వెనక భాగం నీళ్లలోకి కూరుకుపోయింది. హ్యాండిల్ ఎంత తిప్పినా వెనకాల కెరటం పెద్దదవుతోంది తప్ప బోటు పెద్దగా ముందుకు పోవడం లేదు. పదికి సరిపోయే డబ్బా పెట్రోలు సగం దారిలో అడుగంటింది. రెండో నెలకి ఇంజిన్ బిగించిన వెనక పలక మూలలో గోరు పట్టేంత పగులు కనపడింది. అన్నిటికన్నా కష్టం ఒడ్డు దగ్గర. ఉప్పాడ వైపు సముద్రం ఒడ్డుని కోసుకుంటూ వస్తోంది కాబట్టి చాలాచోట్ల రాళ్ల గట్టు ఎక్కి దాటాలి. పది ఇంజిన్‌ని వెదురు బొంగుకి తాడేసి కడితే ఇద్దరు భుజాల మీద మోసేసేవారు. పాతికకి అది కుదరలేదు. తడి రాయి మీద ఒకడి కాలు జారింది, బొంగు వంగింది, ఇంజిన్ కింది భాగం రాయికి కొట్టుకుని ఫ్యాను (నీటిని వెనక్కి తోసే ప్రొపెల్లర్) రెక్క వంగిపోయింది. వంగింది ఫ్యానే కాబట్టి సరిపోయింది. మనిషి కాలైతే ఏమయ్యేదో!

ఆ తరవాత ఇంజిన్ మళ్లీ మార్చాం. ఈసారి కాగితం మీద లెక్కేసుకుని వెళ్లాం. ఆ లెక్కే ఇక్కడ చెబుతున్నాను. సముద్రం మీద వేటకి వెళ్లేవాళ్లకే కాదు, గోదావరి లంకల్లో తిరిగేవాళ్లకి, కొల్లేరు, పులికాట్ లాంటి లోతు తక్కువ నీళ్లలో పడవ నడిపేవాళ్లకి, రిజర్వాయర్లో చిన్న బోటు పెట్టుకునేవాళ్లకి కూడా ఇది పనికొస్తుంది.

కొనేముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది లోడు బరువు. బోటు ఖాళీ బరువు చూసి ఇంజిన్ కొనకూడదు. వేట ముగించుకుని తిరిగి వచ్చేటప్పుడు ఎంత బరువుంటుందో దాన్ని బట్టి కొనాలి. మావయ్య బోటుకి మేం వేసిన లెక్క ఇది: బోటు 800 కిలోలు, ఐదుగురు మనుషులు 325, తడిసిన వలలు 250, ఐసూ పెట్టెలూ 100, ఇంజిన్ 45, ముప్పై లీటర్ల పెట్రోలు 22, మంచి వేట పడితే చేపలు 300. మొత్తం 1,842 కిలోలు. ఇందులో అందరూ మర్చిపోయేది తడి వల. పొడి వల బరువు వేసుకుని లెక్క తప్పేవాళ్లే ఎక్కువ.

రెండోది బోటు నీటిలో ఎలా నడుస్తుందన్నది. ఇది అర్థమైతే సగం గొడవ తీరిపోతుంది. కొన్ని బోట్లు నీటిని చీల్చుకుంటూ వెళతాయి, కొన్ని వేగం అందుకున్నాక నీటి మీదికి లేచి జారుకుంటూ వెళతాయి. మన వేట బోట్లు, నావలు, సరుకు మోసే పడవలు లోడుతో ఉన్నప్పుడు మొదటి రకం. అడుగు చదునుగా ఉన్న తేలికపాటి అల్యూమినియం బోట్లు, సరదా బోట్లు రెండో రకం.

నీటిని చీల్చుకుంటూ వెళ్లే బోటుకి దాని పొడవే ఒక హద్దు పెడుతుంది. నీటిని తాకే భాగం పొడవు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ బోటు సుఖంగా వెళ్లగలిగే వేగం నాట్లలో వస్తుంది. ఒక నాట్ అంటే గంటకి 1.852 కిలోమీటర్లు. 16 అడుగులకి 5.4 నాట్లు, అంటే పది కిలోమీటర్లు. 20 అడుగులకి 6 నాట్లు, అంటే పదకొండు. 25 అడుగులకి 6.7 నాట్లు, అంటే పన్నెండున్నరకి కొంచెం తక్కువ. సన్నగా, తేలిగ్గా ఉన్న బోట్లు దీన్ని కాస్త దాటతాయి. బరువైన బోటు మాత్రం ఈ హద్దు దగ్గరికి వచ్చాక తను లేపిన కెరటాన్నే ఎక్కడానికి పెనుగులాడుతుంది. మావయ్య పాతిక ఇంజిన్ చేసింది అదే.

నీటి మీదికి లేవాలంటే మొత్తం బరువులో ప్రతి 20 నుంచి 25 కిలోలకీ ఒక హెచ్.పి. కావాలి. 1,842 కిలోలకి లెక్కేస్తే ఎనభై హెచ్.పి. దగ్గర తేలుతుంది. ఆ బోటుకి అంత ఇంజిన్ బిగించే పలకా లేదు, అవసరమూ లేదు. చీల్చుకుంటూ వెళ్లే బోటుకి టన్నుకి 3 నుంచి 5 హెచ్.పి. ఉంటే నడక సాఫీగా ఉంటుంది. అంటే ఆ బోటుకి తొమ్మిదిన్నర చాలు. పాతిక అనేది ఈ రెండిటికీ మధ్య ఎక్కడో ఇరుక్కుంది. బోటుని లేపేంత బలం లేదు, ఉన్న బలమంతా కెరటాలు లేపడానికే పోయింది.

మూడోది ఇంజిన్ బిగించే వెనక పలక. షాపువాళ్లు ట్రాన్సమ్ అంటారు. దాని గట్టితనం ఒకటి, ఎత్తు ఒకటి. పలక ఎత్తు 15 అంగుళాలైతే షార్ట్ షాఫ్ట్ (ఇంజిన్ నుంచి ఫ్యాను దాకా దిగే కాలు పొట్టిది), 20 అంగుళాలైతే లాంగ్ షాఫ్ట్. బిగించాక ఫ్యాను పైన ఉండే చదును రేకు బోటు అడుగుకి సమానంగానో, ఒక అంగుళం కిందికో ఉండాలి. పైకి ఉంటే కెరటం మీద ఫ్యాను గాలి పట్టి ఇంజిన్ ఊరికే గోల పెడుతుంది. మరీ కిందికి ఉంటే నీటిలో ఈడ్పు పెరుగుతుంది, ఇసుక తగులుతుంది. వెనక పలకకి కాకుండా పక్కన బిగించే బోట్లుంటే, బోటు ఊగినప్పుడు ఫ్యాను నీటి బయటికి వస్తుంది కాబట్టి పొడుగు షాఫ్టే మంచిది. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందని షాఫ్ట్ కొలత చూడకుండా కొన్నవాళ్లు తరవాత పలక కోయించుకోవడమో, చెక్క వేసి ఎత్తు పెంచుకోవడమో చేస్తుంటారు. రెండూ బోటుకి మంచివి కావు.

నాలుగోది, ఇంజిన్‌ని రోజూ మోయాలా వద్దా? జెట్టీకి కట్టేసే బోటుకి 60 కిలోల ఇంజిన్ సమస్యే కాదు. ఇసుక మీదికి లాగే బోటుకి మాత్రం ఇంజిన్ రోజుకి రెండుసార్లు భుజమెక్కుతుంది. నా లెక్కలో ఒడ్డున దిగే బోట్లకి బరువు మొదటి ప్రశ్న, హెచ్.పి. రెండో ప్రశ్న. ఇద్దరు మోయలేని ఇంజిన్ ఎంత మంచిదైనా ఆ ఊరికి మంచిది కాదు.

ఐదోది పెట్రోలు. దాన్ని కింద పట్టికలో చూడండి.

పట్టికలో ఒక చూపు

బరువులు మామూలు 4 స్ట్రోక్ ఇంజిన్లవి. కంపెనీని బట్టి, షాఫ్ట్‌ని బట్టి, సెల్ఫ్ స్టార్ట్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి కొంత మారతాయి. పెట్రోలు అంకెలు హ్యాండిల్ పూర్తిగా తిప్పి నడిపినప్పటివి, ఉజ్జాయింపు.

| సైజు (హెచ్.పి.) | బరువు (కిలోలు) | గంటకి పెట్రోలు (లీటర్లు) | ఏ బోటుకి |
|---|---|---|---|
| 2–3 | 14–18 | 1 | 10–12 అడుగుల పడవ, ఇద్దరు మనుషులు, కదలని నీరు |
| 5–6 | 24–28 | 2 | 14–18 అడుగుల నావ, కాలువ, చెరువు |
| 8–9.9 | 37–45 | 3–4 | 20–28 అడుగుల వేట బోటు, రెండు టన్నుల లోపు |
| 15–20 | 44–55 | 5–7 | బరువైన వేట బోటు, వరద నది, తేలిక స్పీడ్ బోటు |
| 25–30 | 57–75 | 8–11 | జెట్టీకి కట్టే బోటు, గట్టి పలక |
| 40 | 95–105 | 13–15 | నీటి మీదికి లేచే పెద్ద బోటు, స్టీరింగ్ చక్రం ఉన్నది |

2 నుంచి 6 హెచ్.పి.

చేపల చెరువులో మేత చల్లే పడవకి, బ్యాక్ వాటర్లో ఒకరిద్దరు తిరిగే నావకి ఇది చాలు. ఒక్క మనిషి చేత్తో ఎత్తుకుని ఇంటికి తీసుకెళ్లి గదిలో పెట్టుకోవచ్చు, దొంగల భయం ఉండదు. సముద్రంలోకి మాత్రం వద్దు. ఎదురుగాలి లేచినా, పాటు నీరు (సముద్రం వెనక్కి తగ్గేటప్పటి నీరు) బయటికి లాగినా దీనికి దమ్ము చాలదు.

8 నుంచి 9.9

మన తీరంలో ఫైబర్ బోట్లకి ఎక్కువమంది వేసుకునేది ఇదే, దానికి కారణం ఉంది. రెండు టన్నుల లోపు బోటుని దాని పొడవుకి తగిన వేగంతో నడిపిస్తుంది, ఇద్దరు మోయగలరు, గంటకి నాలుగు లీటర్లు దాటదు, విడిభాగాలు దొరుకుతాయి. ఊళ్లో పది బోట్లకి ఒకే ఇంజిన్ ఉంటే నడిసముద్రంలో ఆగిపోయినప్పుడు పక్క బోటువాడి దగ్గర ప్లగ్గో, పిన్నో దొరుకుతుంది. ఈ లాభం ఏ కంపెనీ కాగితంలోనూ రాసి ఉండదు.

కొనేటప్పుడు ఒక విషయం అడగండి. 9.9 అన్న స్టిక్కర్ ఒకటే అయినా లోపల ఇంజిన్ రెండు రకాలుగా ఉంటుంది. యమహా ఎఫ్ 9.9 లోపల 212 సీసీ ఇంజిన్, బరువు 40 కిలోల దగ్గర. సుజుకి డీఎఫ్ 9.9బి లోపల 327 సీసీ, ఆ కంపెనీ 15కీ 20కీ వాడే ఇంజిన్ అదే. బరువు 44 కిలోల దగ్గర. చిన్న సీసీ ఇంజిన్ మోతకి తేలిక, పెద్ద సీసీ ఇంజిన్ లోడు లాగడానికి నిబ్బరం. బరువైన బోటుకి నేనైతే రెండోదే తీసుకుంటాను.

ఇంకోటుంది. యమహాలోనే టీ 9.9 అని హై థ్రస్ట్ మోడల్ వస్తుంది. మామూలు 9.9లో ఫ్యాను ఒక చుట్టు తిరగడానికి ఇంజిన్ 2.08 చుట్లు తిరుగుతుంది, ఇందులో 2.92 చుట్లు. పెద్ద ఫ్యాను మెల్లగా, బలంగా తిరుగుతుందన్నమాట. లారీ మొదటి గేర్లో ఘాట్ ఎక్కినట్టు. బరువు లాగడానికి ఇది చాలా మంచిది, ఖాళీ బోటుతో పరుగులు పెట్టడానికి పనికిరాదు.

15 నుంచి 20

రెండు టన్నులు దాటిన బోటు ఉన్నవాళ్లు, మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాటి సముద్రంలోకి వెళ్లేవాళ్లు, వరద రోజుల్లో గోదావరి మీద తిరగాల్సినవాళ్లు తప్పకుండా చూడాల్సింది ఇది. ఎదురు ప్రవాహం గంటకి 7 కిలోమీటర్లు ఉందనుకోండి. 11 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బోటు గట్టు మీద నుంచి చూస్తే గంటకి 4 కిలోమీటర్లే కదులుతుంది. అక్కడ ప్రతి కిలోమీటరు వేగానికీ విలువుంది. అలాగే ఒడ్డు కెరటాలు విరిగే చోట రెండు కెరటాల సందులో బోటుని ఒక్క ఊపులో బయటికి తీయాలి. ఆ పది సెకన్ల కోసం మిగులు బలం కావాలి. రోజంతా సగం హ్యాండిల్ మీద నడుపుకుని, ఆ పది సెకన్లకి మాత్రం పూర్తిగా తిప్పుకునేవాళ్లకి 15 సరైనది.

బరువులో తేడా కూడా పెద్దగా లేదు. సుజుకిలో 9.9బి, 15, 20 మూడూ ఒకే 327 సీసీ. యమహా ఎఫ్ 15, ఎఫ్ 20 కూడా ఒకే 362 సీసీ. మోసేవాడి భుజానికి 15కీ 20కీ తేడా తెలియదు, ధరలో మాత్రం తెలుస్తుంది. ఈ రెండిట్లో తేల్చుకోలేకపోతే, లోడు ఎప్పుడూ రెండున్నర టన్నులు దాటదనుకుంటే 15 తీసుకోండి.

తేలిక బోటుకి ఈ సైజే వేరేలా పనిచేస్తుంది. 14 అడుగుల అల్యూమినియం బోటు 120 కిలోలు, ముగ్గురు మనుషులు 195, ఇంజిన్ 45, మిగతా సామాను 40. మొత్తం 400 కిలోలు. ఇరవై రెండు కిలోలకి ఒక హెచ్.పి. లెక్కన 18. అంటే 20 ఇంజిన్‌తో ఆ బోటు నీటి మీదికి హాయిగా లేస్తుంది. అదే 9.9తో ఇద్దరే ఉంటే లేచీ లేవనట్టు ఉంటుంది, ముగ్గురుంటే లేవదు.

25, ఆపైన

జెట్టీ ఉండి, ఇంజిన్ బోటు మీదే ఉండిపోయేవాళ్లకి, వెనక పలక గట్టిగా కట్టించుకున్నవాళ్లకి, తక్కువ లోడుతో దూరం వెళ్లేవాళ్లకి. వంజరం గాలానికి వెళ్లే తేలిక బోటులో ఇద్దరు ముగ్గురే ఉంటారు, పెద్ద వల ఉండదు. అలాంటివాళ్లు గంట ముందు ఒడ్డుకి వస్తే చేపల వేలం పాట మంచి ధరకి వెళుతుంది. వాళ్లకి 25 దండగ కాదు. వాయుగుండం కబురు వచ్చినప్పుడు తొందరగా ఒడ్డు చేరాలన్న వాదన కూడా నిజమే. కానీ ముందురోజు హెచ్చరిక వినకుండా వెళ్లి, ఇంజిన్‌ని నమ్ముకుని వెనక్కి రావచ్చనుకోవడం నేను ఒప్పుకోను.

మావయ్య లాంటి బోటు ఉన్నవాళ్లు ఈ లెక్క చూడండి. వేట చోటు ఒడ్డు నుంచి 12 కిలోమీటర్లు, రానూ పోనూ 24. పది ఇంజిన్ గంటకి 11 కిలోమీటర్లు, 3.7 లీటర్లు అనుకుంటే రెండు గంటల పది నిమిషాలు, 8 లీటర్లు. పాతిక గంటకి 15 కిలోమీటర్లు, 9 లీటర్లు అనుకుంటే గంటా ముప్పై ఆరు నిమిషాలు, 14.4 లీటర్లు. కలిసొచ్చింది ముప్పై అయిదు నిమిషాలు, ఎక్కువ కాలింది ఆరు లీటర్ల పైన. లీటరు 110 రూపాయలనుకుంటే రోజుకి 690. నెలకి ఇరవై రోజుల వేటకి 13,800. ఆ ముప్పై అయిదు నిమిషాలు మీకు అంత తెచ్చిపెడతాయా లేదా అన్నది మీ రేవులో పాట ఎప్పుడు జరుగుతుందో దాన్ని బట్టి ఉంటుంది. మావయ్యకి తేలేదు.

40 గురించి ఎక్కువ చెప్పను. దాన్ని చేత్తో తిప్పే హ్యాండిల్‌తో చిన్న బోటు మీద పెట్టడం ప్రమాదం. మలుపులో హ్యాండిల్ చేజారితే బోటు గిర్రున తిరిగి మనుషుల్ని విసిరేస్తుంది.

2 స్ట్రోకా, 4 స్ట్రోకా, డీజిలా

సైజు తేలాక వచ్చే ప్రశ్న ఇది. పాత 2 స్ట్రోక్ ఇంజిన్ తేలిక, విప్పడం సులువు, ఒడ్డున ఉన్న ఏ మెకానిక్ అయినా చేస్తాడు. పెట్రోలు మాత్రం అదే సైజు 4 స్ట్రోక్ కన్నా బాగా ఎక్కువ తాగుతుంది, పైన ఆయిల్ ఖర్చు. 50కి 1 కలపమని రాసి ఉంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు, పది లీటర్ల డబ్బాకి 200. అంచనాతో పోసేవాళ్లు తక్కువ పోస్తే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువ పోస్తే ప్లగ్గు మసిబారుతుంది. కొలత గ్లాసు ఒకటి డబ్బాకే కట్టుకోండి. రోజూ వేటకి వెళ్లేవాళ్లకి 4 స్ట్రోకే లాభం. ఏడాదిలో నలభై రోజులు మాత్రమే వాడేవాళ్లకి, మంచి కండిషన్లో ఉన్న 2 స్ట్రోక్ చవగ్గా దొరికితే అదీ మంచి బేరమే.

పొడుగు షాఫ్ట్ ఉన్న సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజిన్ మన తీరంలో చాలామంది వాడతారు. పది హెచ్.పి. దగ్గర ఉండే ఇంజిన్ గంటకి లీటరున్నర నుంచి రెండున్నర లీటర్లతో సరిపెడుతుంది. షాఫ్ట్ పైకెత్తితే ఫ్యాను నీటిపైకి వస్తుంది కాబట్టి వల తగిలినా, గుర్రపు డెక్క చుట్టుకున్నా, అడుగు లోతే ఉన్నా బయటపడొచ్చు. కొల్లేరులో, పులికాట్‌లో తిరిగేవాళ్లకి అవుట్‌బోర్డ్ (పైన చెప్పిన, వెనక పలకకి బిగించే ఇంజిన్) కన్నా నేను దీన్నే చెబుతాను. ఇబ్బందులు: చెవులు హోరెత్తే శబ్దం, వణుకు, చాలావాటికి రివర్స్ లేకపోవడం, పక్కనే తిరిగే ఫ్యానుకి ఏ అడ్డూ లేకపోవడం. పిల్లలు ఎక్కే పడవకి వద్దు. డీజిల్‌కి ఆంధ్రప్రదేశ్‌లో మత్స్యకారులకి సబ్సిడీ ఉంది, 2019లో లీటరుకి 6.03 నుంచి 9 రూపాయలకి పెంచారు. ఇప్పుడెంత ఇస్తున్నారో, మీ బోటుకి వర్తిస్తుందో లేదో కొనేముందే మత్స్యశాఖ ఆఫీసులో అడగండి. బోటు రిజిస్ట్రేషన్ లేకపోతే అడగడానికి వెళ్లినా లాభం ఉండదు.

ఒక పెద్దదానికి బదులు రెండు చిన్నవి పెడితే ఎలా ఉంటుందని కొందరు అడుగుతుంటారు. రెండు 9.9లు అంటే 80 కిలోల పైమాట, రెండు సర్వీసులు, నీటిలో రెండు కాళ్ల ఈడ్పు. ఒకటి ఆగినా రెండోదానితో ఇంటికి రావచ్చన్నది మాత్రం పెద్ద ధైర్యం. ఒంటరిగా చాలా దూరం వెళ్లేవాళ్లకి ఆ ధైర్యం కొనుక్కోదగ్గదే. జంటగా, గుంపుగా వెళ్లే ఊళ్లో అవసరం లేదు.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఓ మాట

మా బంధువొకరు అక్కడ లేక్‌లో చేపలు పట్టడానికి చిన్న బోటు కొంటూ నన్ను అడిగారు. అక్కడ 20 అడుగుల లోపు మామూలు మోటారు బోటుకి ఎంత హెచ్.పి. వరకు వేయొచ్చో ఒక రేకు మీద రాసి బిగించి ఉంటుంది. దాన్ని దాటకూడదు. ఆ అంకె ఎలా వస్తుందో చూస్తే మనకీ ఒక సంగతి తెలుస్తుంది. బోటు పొడవునీ వెనక పలక వెడల్పునీ అడుగుల్లో గుణిస్తారు. 14 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు అయితే 70. 20 అంగుళాల పలక, స్టీరింగ్ చక్రం ఉంటే దాన్ని రెట్టింపు చేసి 90 తీసేస్తారు, 50 వస్తుంది. అదే చదును అడుగు బోటుకి చేత్తో తిప్పే హ్యాండిల్ అయితే సగం చేసి 15 తీసేస్తారు, 20 వస్తుంది. ఒకే కొలతల బోటు, నడిపే పద్ధతి మారితే పరిమితి సగానికన్నా తగ్గిపోయింది. చేతి హ్యాండిల్ మీద పెద్ద ఇంజిన్ వద్దని పైన నేనన్నది ఇందుకే.

చిన్నది తీసుకున్నా తప్పే కావచ్చు

ఇదంతా చదివి పెట్రోలు కలిసొస్తుందని అవసరానికన్నా చిన్నది తీసుకుంటే అదీ నష్టమే. బరువు మోయలేని ఇంజిన్ రోజంతా పూర్తి హ్యాండిల్ మీద, అయినా తన పూర్తి చుట్లు అందుకోలేక, మూలుగుతూ నడుస్తుంది. లోపల మసి పడుతుంది, వేడెక్కుతుంది, అయిదేళ్లు రావాల్సింది రెండేళ్లకే పని చెబుతుంది. ఇలాంటి 4 స్ట్రోక్ ఇంజిన్లు పూర్తి హ్యాండిల్ మీద నిమిషానికి 5,000 నుంచి 6,000 చుట్లు తిరగాలి, మీ మోడల్‌కి ఎంతో పుస్తకంలో ఉంటుంది. ప్లగ్గు వైరుకి చుట్టే చిన్న మీటరుతో కొలవొచ్చు. నిండు లోడుతో 4,500 దగ్గరే ఆగిపోతుంటే ఇంజిన్ మార్చేముందు ఫ్యాను మార్చి చూడండి. పిచ్ (ఫ్యాను ఒక చుట్టుకి ముందుకి తోసే దూరం) ఒక అంగుళం తగ్గిస్తే 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయి. కొన్ని వేల రూపాయల ఫ్యానుతో తీరే సమస్యకి లక్షలు పోసి ఇంజిన్ మార్చినవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు.

సరిగ్గా సరిపోయే ఇంజిన్ ఉన్నా హ్యాండిల్ కొంచెం వెనక్కి తీసుకుంటే లాభం ఎక్కువ. నీటిని చీల్చే బోటుకి వేగం పదో వంతు తగ్గిస్తే కావాల్సిన బలం పావు వంతుకి పైనే తగ్గుతుంది. రెండు గంటల ప్రయాణానికి పదమూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

డబ్బులు ఇచ్చేముందు

ఖాళీ బోటుతో ట్రయల్ చూసి డబ్బు ఇవ్వకండి. మేం రెండోసారి అలా చేయలేదు. యాభై కిలోల ఇసుక బస్తాలు పన్నెండు ఎక్కించి, వలలు వేసి, ఐదుగురం కూర్చుని నడిపాం. ఒడ్డు కెరటాలు దాటడానికి మిగులు బలం ఉండాలని ఈసారి చూసింది 15 ఇంజిన్. అమ్మే ఆయన ఎందుకింత చాదస్తం అన్నట్టు చూశాడు గానీ కాదనలేదు. బయల్దేరేముందు పారదర్శకంగా ఉన్న డబ్బాలో పెట్రోలు పోసి మార్కర్‌తో గీత గీశాం. ఫోన్లో జీపీఎస్ పెట్టి వెళ్లేటప్పుడు ఒకసారి, గాలికి ఎదురుగా వచ్చేటప్పుడు ఒకసారి వేగం చూశాం. పక్క నుంచి ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు ధారగా వస్తున్నాయా అని చూశాం. ఆ ధార సన్నబడితే లోపల నీళ్లు తోడే ఇంపెల్లర్ చక్రం అరిగి ఉండొచ్చు. నడిపేవాడి నడుముకి కట్టుకునే ఎర్ర తాడు లాగితే ఇంజిన్ ఆగుతోందా లేదా అన్నది నడినీళ్లలో లాగి చూశాం. ఆగింది.

ఒడ్డుకొచ్చాక ఇంజిన్ విప్పి, అదే వెదురు బొంగుకి కట్టి, మావయ్యా నేనూ రాళ్ల గట్టు ఎక్కించాం. పైకి చేరేసరికి ఆయనకి ఆయాసం వచ్చింది. కాసేపు కూర్చుని, డబ్బా మీద గీతకీ పెట్రోలుకీ మధ్య జాగా వేళ్లతో కొలిచి, "ఇద్దరం మోశాం కదరా. ఇదే తీసుకుందాం" అన్నాడు.